బుల్లెమ్మ ఎడమవైపు లాగుతోంది

జనవరి 17

వన్ టౌన్‌లో పుస్తకాల షాపతను ఊరికే ఇచ్చిన డైరీ ఇది. యాభై రెండేళ్లొచ్చాక డైరీ మొదలుపెట్టడం నాకే నవ్వుగా ఉంది. నిజానికి ఇరవై నాలుగేళ్లుగా రోజూ రాస్తూనే ఉన్నాను, కాకపోతే విమానం లాగ్‌బుక్కులో. దిగేముందు ప్రతి లోపమూ అందులో రాయాలి: ఏ లైటు వెలగలేదు, ఏ చక్రం మూలిగింది, ఏ తలుపు సరిగ్గా పడలేదు. నల్ల ఇంకే వాడాలి. తప్పు రాస్తే రుద్దకూడదు, ఒకే ఒక్క గీత కొట్టాలి, కింద మాట కనబడుతూ ఉండాలి, పక్కన పొడి అక్షరాలు, తేదీ. కొత్తగా చేరిన పైలట్లందరికీ ఈ ముక్క నేర్పింది నేనే.

ఆర్నెల్లుగా ఎవరమూ అందులో సరిగ్గా రాయడం లేదు. ఎక్కడో ఒకచోట రాయకపోతే నాకు అన్నం సహించదు, అందుకే ఈ డైరీ.

మా చిన్న కంపెనీని పెద్ద కంపెనీ కలిపేసుకుంది. వాళ్లవన్నీ జెట్‌లు. మావి ఏడు పంకాల విమానాలు, ఇరవై ఏళ్లు దాటినవి. జూన్ కల్లా ఒక్కొక్కటే తీసేస్తారట. ఏది ఎక్కువ మొరాయిస్తే అది ముందు. అవి పోతే వాటిని నడిపే మేమూ ఇంటికే, జెట్ శిక్షణకు ఎంపికైనవాళ్లు తప్ప.

అందుకని చీటీ పద్ధతి వచ్చింది. లోపం కనబడితే లాగ్‌బుక్కులో రాయం. బోర్డింగ్ పాస్ వెనక రెండు ముక్కలు రాసి ఇంజనీరు రత్తయ్య గారి చొక్కా జేబులో పెడతాం. ఆయన వీలు చూసుకుని బాగుచేసి చీటీ చించేస్తాడు. కాగితం మీద మా విమానాలన్నీ పెళ్లికూతుళ్లలా ఉన్నాయి.

నేను లోపాలు దాచడం లేదు. చెప్పే చోటు మార్చాను, అంతే.

జనవరి 19

హైదరాబాదు నుంచి బుల్లెమ్మను తెచ్చాను. ఆ పేరు రత్తయ్య గారు పెట్టింది. ఏడు విమానాలకూ తన మేనత్తల పేర్లు, పెద్దమ్మల పేర్లు పెట్టుకున్నాడాయన. అన్నిటిలోకీ పెద్దది, ఇరవై మూడేళ్లది, బుల్లెమ్మ.

గన్నవరంలో చక్రాలు ఆనాక బ్రేకు వేస్తే ఎడమవైపు లాగింది. కుడి కాలు బలంగా తొక్కిపట్టి దారిలోకి తెచ్చాను. రన్‌వే పొడిగా ఉంది కాబట్టి సరిపోయింది.

చీటీ ఇచ్చాను. రత్తయ్య గారు చదివి తల గోక్కున్నాడు.

"ఎడం బ్రేకు పట్టేసి వదలట్లేదనుకుంటానండి. పుస్తకంలో రాశారనుకోండి, రెండ్రోజులు కదలనివ్వరు. సామాను ఇక్కడ లేదు, తెప్పించాలి. అసలే అన్నిటికంటే పాతది. ముందు ఆవిడ్నే సాగనంపుతారు."

"ఆవిడ పోతే మనమూ పోయినట్టే కదండీ."

"అంతేగా మరి. సామాను వచ్చిందాకా జాగ్రత్తగా తొక్కుకోండి. మీ తర్వాత ఎక్కేవాళ్లకి ఓ మాట చెప్పండి, చాలు."

తర్వాత ఎక్కేవాళ్లకు నోటితో చెప్పడం. చీటీ పద్ధతికి అదొక్కటే నియమం. అది తప్పితే మేమందరం దొంగలమే. తిరుపతికి తీసుకెళ్లిన కెప్టెన్‌కు చెప్పాను. "తెలుసులే పాల్" అన్నాడు.

జనవరి 20

మళ్లీ బుల్లెమ్మే. మళ్లీ ఎడమవైపు. నిన్నటికంటే కొంచెం ఎక్కువ. సామాను రాలేదు.

జనవరి 21

జాబితా వచ్చింది. పందొమ్మిది మంది కెప్టెన్లం, పన్నెండు శిక్షణ సీట్లు. పెద్ద కంపెనీ నుంచి వచ్చిన మేనేజరు కిరీటి గారు చదివి వినిపించాడు. నిండా నలభై ఉండవు, మాటకు ముందు సర్, మాటకు వెనక సర్. వయసుకు కొన్ని మార్కులు, అనుభవానికి కొన్ని, లాండింగులకు కొన్ని. మేం దింపిన ప్రతి లాండింగూ కంప్యూటర్లో పడుతుంది. ఒకటి వంకరగా పడినా మార్కులు పోతాయి. నెలాఖరు దాకా ఈ లెక్క నడుస్తూనే ఉంటుందట.

పన్నెండో పేరు మనోజ్ఞ. పదమూడో పేరు నాది. తేడా రెండు మార్కులు.

మనోజ్ఞకు ముప్పై ఒకటి. పామర్రు అమ్మాయి. కెప్టెన్ కాకముందు రెండేళ్లు నా పక్క సీట్లో కూర్చుని పని నేర్చుకుంది. మీటింగ్ అయ్యాక వరండాలో నా దగ్గరికొచ్చి "సారీ సర్" అంది.

"నువ్వు సారీ చెప్పడమేంటమ్మా. బాగా నడిపావు, వచ్చింది."

బాగానే అన్నాను.

ఇంటికొచ్చి చెబితే హెలెన్ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ తల ఎత్తకుండానే "ఎవరో ఒకరు మానేస్తారు లెండి, అప్పుడు మీరే" అంది. ఎవరు మానేస్తారు? యాభై రెండేళ్ల పంకాల పైలట్‌ను బయట ఎవరు తీసుకుంటారు? విమానం నడపడం తప్ప నాకు ఇంకో పని రాదు. ఇంట్లో బల్బు మార్చేది కూడా హెలెనే.

రెండు మార్కులు.

జనవరి 22

పొగమంచు వల్ల గంట ఆలస్యం. బుల్లెమ్మ ఈసారి గట్టిగా లాగింది, కుడి పిక్క ఇంకా నొప్పిగా ఉంది. సామాను రేపొస్తుందట. రెండింటికి గన్నవరంలో మనోజ్ఞకు అప్పగించాను. తను బెంగళూరు తీసుకెళ్లి రేపు పొద్దున తిరిగి తెస్తుంది. మెట్ల దగ్గర కలిసింది. కొత్త బూట్లు వేసుకుంది. వచ్చేటప్పుడు బొచ్చె చేప తెచ్చాను, హెలెన్ పులుసు పెట్టింది. మనోజ్ఞకు ఎడమవైపు సంగతి చెప్పాను.

జనవరి 23

పొద్దున ఎనిమిదింటికి రత్తయ్య గారి ఫోను.

"సార్, బుల్లెమ్మ గడ్డిలోకి దిగిపోయిందండి. మనుషులకేం కాలేదు. మీరు రండి."

నాకివాళ డ్యూటీ లేదు. అయినా వెళ్లాను. గుణదల నుంచి గన్నవరం దాకా ఒకటే మంచు, ముందు బండి వెనక లైటు తప్ప ఏమీ కనబడలేదు. రన్‌వేకు ఎడమ పక్కన, తడి నల్లరేగడిలో, ఎడమ చక్రాలు సగం దాకా దిగబడి బుల్లెమ్మ ఒరిగి ఉంది. యాభై ఎనిమిది మంది ప్రయాణికులు. ఒకాయన నుదురు బొప్పి కట్టింది, అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు. దేవుడి దయ. ఆ మాట పదిసార్లు అనుకున్నాను.

మనోజ్ఞ బస్సు పక్కన నిలబడి ఉంది. కొత్త బూట్ల నిండా బురద.

"నిన్న బెంగళూరులో పొడవాటి రన్‌వే, బ్రేకు గట్టిగా తొక్కే పనే పడలేదు. ఇక్కడ మంచుకి రన్‌వే తడిగా ఉంది సర్. బ్రేకు వెయ్యగానే ఎడమకి లాక్కుపోయింది. కుడి తొక్కాను. ఆలస్యమైందేమో. పట్టలేకపోయాను."

భుజం తట్టాను. ఇంకేం చెయ్యను?

రత్తయ్య గారు నన్ను పక్కకు లాగాడు. ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "అమ్మాయికి చెప్పారుగా సార్?"

"చెప్పాను."

"హమ్మయ్య" అన్నాడు. దేనికి హమ్మయ్యో ఆయనకే తెలియాలి.

ఇంటికొచ్చి నిన్నటి పేజీ తీసి చూశాను. చెప్పాను అని రాసే ఉంది.

జనవరి 24

మనోజ్ఞను సస్పెండ్ చేశారు. ఫిబ్రవరి పదకొండున విచారణ కమిటీ కూర్చుంటుంది. ఎడమ బ్రేకు విరిగిపోయి ఉందట, కానీ గడ్డిలో పడ్డాకే విరిగిందంటున్నారు. ముందు నుంచీ లోపం ఉంటే లాగ్‌బుక్కులో ఉండేది కదా అంటున్నారు. న్యాయంగానే ఉంది.

సాయంత్రం కిరీటి గారి ఫోను. "విచారణ తేలేదాకా తాత్కాలికంగానే అనుకోండి సర్, కానీ పన్నెండో సీటు మీదే. ఫిబ్రవరి పదహారున శిక్షణకి రావాలి. కంగ్రాట్స్ అనడం బాగోదు గానీ..."

"బాగోదు" అన్నాను.

హెలెన్ దేవుడి గదిలో మరియమాత పటం ముందు కొవ్వొత్తి వెలిగించింది. వద్దని ఎలా చెప్పను?

జనవరి 25

చెప్పాను.

జనవరి 28

కమిటీకి రాతపూర్వకంగా వాంగ్మూలం ఇచ్చాను. "జనవరి 22న నేను విమానం అప్పగించే సమయానికి లాగ్‌బుక్కులో ఎటువంటి లోపమూ నమోదు కాలేదు." ఒక్కటే వాక్యం. ఇందులో అబద్ధం ఎక్కడుంది? ఒక్కో మాటా విడివిడిగా తీసి చూశాను. అన్నీ నిజాలే.

మా మిగతా కెప్టెన్లు, కో-పైలట్లు కూడా ఇలాగే రాశారట. ఆ వారం బుల్లెమ్మను నడిపినవాళ్లందరికీ ఎడమవైపు సంగతి తెలుసు. ఎవరికీ నోరు పెగలడం లేదు. ఎవరి సీటు వాళ్లది.

జనవరి 31

మనోజ్ఞ వాళ్ల నాన్న రామకోటేశ్వరరావు గారు ఇంటికొచ్చారు. పామర్రు నుంచి బస్సులో, చేతిలో స్టీలు క్యానుతో.

"గేదె ఈనిందండి. అమ్మగారికి జున్నుపాలు తెచ్చాను" అని హెలెన్‌కు ఇచ్చి, సోఫా అంచున కూర్చున్నారు. నన్నేదో అడగడానికి వచ్చారనుకుని బిగదీసుకుని కూర్చున్నాను. ఆయన అడగలేదు.

"అమ్మాయి సరిగ్గా అన్నం తినట్లేదండి. గదిలో కూర్చుని ఆ రోజు ఏం చేసిందో కాగితాల మీద మళ్లీ మళ్లీ రాసుకుంటంది. నాకు విమానాల సంగతి తెలవదు. ట్రాక్టరుకైతే ఎడం బ్రేకు, కుడి బ్రేకు వేరేగా ఉంటయ్యి. ఎడంది పట్టేస్తే బండి ఎడమకే తిరుగుద్ది, ఎంత మొనగాడు తోలినా సరే. అదే మాట అమ్మాయితో అన్నాను."

"ఏమంది?"

"అట్టాంటి లోపం ఉంటే పాల్ సార్ చెప్పకుండా ఉండరు నాన్నా, అంది."

నేను మంచినీళ్ల కోసమని లేచి వంటింట్లోకి వెళ్లాను. హెలెన్ గ్లాసు అందించి నా మొహంలోకి చూసింది. ఏమీ అడగలేదు.

జున్ను నేను తినలేదు. కడుపులో బాగాలేదని చెప్పాను.

ఫిబ్రవరి 1

ముసలాయన ట్రాక్టరు మాట ఒకటి చెప్పి పోయాడు. ట్రాక్టరుకూ విమానానికీ పోలికేమిటి?

పోలిక ఉంది. అచ్చం అదే.

ఫిబ్రవరి 5

మనోజ్ఞ ఫోన్ చేసింది. ఈ పదిహేను రోజుల్లో ఇదే మొదటిసారి.

"సర్, ఒక్కటే అడుగుతాను. విసిగించను. నిన్న రత్తయ్య గారితో మాట్లాడాను. బ్రేకు సంగతి మీరు నాకు మెట్ల దగ్గర చెప్పారంట కదా?"

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నాకు ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావట్లేదు సర్. ఆ రోజు కొత్త జాబితా గొడవలో ఉన్నాను, బుర్ర ఎక్కడో ఉండి ఉంటది. మీరు చెబుతుంటే వినకుండా ఉన్నానంటే... అసలు నేను ఈ సీట్లో కూర్చోకూడదు సర్. పదకొండున తప్పు నాదేనని ఒప్పుకుంటాను. మీ పేరు గానీ చీటీల సంగతి గానీ తీయను. మీరు కంగారు పడకండి."

"మనోజ్ఞా" అన్నాను.

"చెప్పండి సర్."

"అన్నం తిను. మీ నాన్నగారు బెంగపడుతున్నారు."

ఇంతే చెప్పాను. ఇరవై నాలుగేళ్ల అనుభవం ఉన్న కెప్టెన్‌ను. ఇంతే చెప్పాను.

ఫిబ్రవరి 6

అన్నం సహించడం లేదు. డైరీ రాస్తున్నా కూడా.

ఫిబ్రవరి 9

మేరీమాత ఉత్సవం మొదటి రోజు. గుణదలలో సందుసందునా జనం. మా వీధి చివర కూడా పందిరి వేసి మజ్జిగ పోస్తున్నారు. హెలెన్ నన్ను కొండకు తీసుకెళ్లింది. కింద, చేసిన పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి వరుసలు కట్టారు, ఒక్కో ఫాదర్ ముందు ఒక్కో వరుస. నేనూ నిలబడ్డాను. ముప్పావు గంట నిలబడ్డాను. నా ముందు ఇద్దరే మిగిలారు.

అప్పుడు లెక్క అర్థమైంది. ఫాదర్ గారికి చెబితే ఆయన నన్ను క్షమించి, మూడు జపాలు చెప్పుకోమని పంపిస్తాడు. ఆ మాట ఆయన చచ్చినా ఎవరికీ చెప్పకూడదు. నా మనసు తేలికవుతుంది. పదకొండున మనోజ్ఞ కమిటీ ముందు నిలబడి, చెయ్యని తప్పు ఒప్పుకుంటుంది. ఇది కూడా చీటీ పద్ధతే. జేబులో పెట్టడం, చించెయ్యడం.

వరుసలోంచి బయటికొచ్చేశాను. హెలెన్ పైనుంచి దిగి వచ్చి "అయిపోయిందా?" అంది. "లేదు" అన్నాను. ఈ నెలలో నేను చెప్పిన మొదటి నిజం అదేనేమో.

ఫిబ్రవరి 10

ఇక్కడ కూడా రాయకపోతే ఇంక ఎక్కడా రాయలేను.

22వ తేదీ పేజీలో చివరి వాక్యం నీలం ఇంకు. మిగతా పేజీ అంతా నలుపు. ఆ వాక్యం 22న రాయలేదు. 23న గన్నవరం నుంచి వచ్చాక, టేబుల్ మీదున్న హెలెన్ పెన్ను తీసుకుని, కింద మిగిలిన ఖాళీలో ఇరికించాను. తర్వాత అదే పేజీ తిప్పి చూసుకుని, రాసే ఉంది కదా అనుకున్నాను. నా పుస్తకం నేనొక్కణ్ణే చదువుతాను. అందులో కూడా నాకు నేనే అబద్ధం రాసుకున్నాను.

22న జరిగింది ఇది. మనోజ్ఞ మెట్ల దగ్గర ఆగి, ఎప్పుడూ అడిగినట్టే అడిగింది: "ఏమైనా ఉందా సర్?" నా పిక్క నొప్పిగా ఉంది. నోట్లో మాట సిద్ధంగా ఉంది. "ఏం లేదమ్మా, బాగుంది" అన్నాను.

మర్చిపోలేదు. పరాకు కూడా కాదు. రెండు మార్కులు. ఒక్క లాండింగు వంకరగా పడితే కంప్యూటర్లో మూడు పోతాయి. అంతవరకే కోరుకున్నాను. గడ్డిలోకి వెళ్లాలని కోరుకోలేదు. విమానం నిండా జనం ఉంటారని ఆ క్షణాన నాకు గుర్తు లేదు. నాకు సిగ్గుగా ఉంది. ఇంతకంటే మంచి మాట దొరకడం లేదు.

సాయంత్రం గన్నవరం వెళ్లి రత్తయ్య గారిని టీ కొట్టు దగ్గర కలిశాను. మొత్తం చెప్పాను. గ్లాసు కింద పెట్టేశాడు.

"చెప్పానన్నారు కదండీ నాతో!"

"అబద్ధం చెప్పాను."

చాలాసేపు అటు తిరిగి రోడ్డు మీద లారీలు చూశాడు. "నేనా అమ్మాయితో ఏమన్నానో తెలుసా? సార్ చెప్పారమ్మా, నువ్వే విని ఉండవు, అన్నాను. నా నోటితో అనిపించారు మీరు." తర్వాత గొంతు తగ్గించాడు. "చీటీల సంగతి బయటికొస్తే నా లైసెన్సు పోద్ది. రెండేళ్లే ఉందండి నాకు రిటైర్మెంటు. మీరు మునుగుతా నన్నూ ముంచుతారా?"

"మీ పేరు లేకుండా ఈ కథ నిలబడదండీ."

"నాకు తెలుసు." లేచాడు. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కొచ్చాడు. "నా అంతట నేను వెళ్లి చెప్పలేను సార్. అంత ధైర్యం లేదు. మీరు చెప్పి, వాళ్లు నన్ను పిలిచి అడిగితే కాదనను. అది మాత్రం ఖాయం."

ఫిబ్రవరి 11

పొద్దున ఏడు. కమిటీ పదకొండింటికి.

హెలెన్‌ను కూర్చోబెట్టి 22వ తేదీ పేజీ చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఈ ఇంకు నా పెన్నుది" అంది.

"అవును."

"ఇప్పుడేమవుద్ది?"

"సీటు పోతుంది. ఉద్యోగం పోతుంది. లైసెన్సు కూడా ఉంచకపోవచ్చు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోపం మాత్రం వచ్చింది. "ఆ పెద్దాయన జున్నుపాలు తెచ్చిన రోజు నేను మీ మొహం చూశాను. అప్పుడే అడగాల్సింది. భయపడి అడగలేదు. నేనూ కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చున్నాను" అంది. లోపలికెళ్లి ఇస్త్రీ చొక్కా తెచ్చి కుర్చీ మీద పెట్టింది. యూనిఫాం కాదు, మామూలు తెల్ల చొక్కా.

మనోజ్ఞకు ఫోన్ చేశాను. నిద్రపోయిన గొంతు కాదు. "నువ్వు మర్చిపోలేదమ్మా. నువ్వు అడిగావు. నేనే ఏం లేదన్నాను. కమిటీ ముందు తప్పు ఒప్పుకోకు. నేను వస్తున్నాను, ముందు నన్ను మాట్లాడనివ్వు." "ఎందుకు సర్?" అంది. రెండు మార్కుల కోసం అని చెప్పాను. అప్పుడు ఫోన్ పెట్టేసింది. సర్ అనడం అదే ఆఖరుసారి కావచ్చు. కావాలి కూడా.

నల్ల పెన్ను తీసుకుని 22వ తేదీ పేజీ తెరిచాను. నీలం వాక్యం మీద ఒకే ఒక్క గీత కొట్టాను, కింద మాట కనబడేలా. పక్కన పొడి అక్షరాలు, ఇవాళ్టి తేదీ. కింద రాశాను: అడిగింది. చెప్పలేదు.

ఉత్సవం జనానికి కొండ దారి మూసేశారట, రామవరప్పాడు వైపు నుంచి తిరిగి వెళ్లాలి. తొందరగా బయల్దేరాలి. ఈ పుస్తకం కమిటీ వాళ్లకు ఇచ్చేస్తాను, చేప పులుసుతో సహా మొత్తం చదువుకోనీ. వాళ్లకు వెతుక్కునే పని లేకుండా, లాగ్‌బుక్కులో రాయాల్సిన పద్ధతిలోనే ఇక్కడ రాస్తున్నాను.

విమానం: బుల్లెమ్మ.
లోపం: బ్రేకు వేస్తే ఎడమవైపు లాగుతోంది. తడి రన్‌వే మీద ప్రమాదం.
గమనించిన తేదీ: జనవరి 19.
రాసిన తేదీ: ఫిబ్రవరి 11.
రాసినది: కెప్టెన్ పాల్.